భార్య ఉద్యోగం కోసం స్టుట్‌గార్ట్ వచ్చాం: ఇక్కడ నా రోజు ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న
రాసినవారు: గుంటూరు లెక్కల మాస్టారు

అందరికీ నమస్కారం. వాహనాల సాఫ్ట్‌వేర్‌లో పనిచేసే నా భార్యకు జర్మనీలో ఉద్యోగం రావడంతో ఆమె బ్లూ కార్డ్ (ఉన్నత చదువున్న విదేశీ ఉద్యోగులకు ఇచ్చే నివాస అనుమతి) మీద నిరుడు వేసవిలో స్టుట్‌గార్ట్ వచ్చింది. నేను గుంటూరులో ఒక జూనియర్ కాలేజీలో పదకొండేళ్ళపాటు ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పాను. త్రైమాసిక పరీక్షలు అయ్యేదాకా ఆగి, దసరా సెలవుల్లో రాజీనామా ఇచ్చి, ఆమె భర్తగా ఇక్కడికి వచ్చి ఐదు నెలలవుతోంది. మాకింకా పిల్లలు లేరు. ఇల్లు, జీతం, ఆరోగ్యం అన్నీ బాగానే ఉన్నాయి కనుక ఇది కష్టాల చిట్టా కాదని ముందే మనవి చేస్తున్నాను.

నా ఇబ్బంది వేరు. ఉదయం ఏడున్నరకు ఆమె రైలెక్కుతుంది, సాయంత్రం ఆరుకు తిరిగి వస్తుంది. మధ్యలో నేను వంట చేస్తాను, దుకాణానికి వెళ్ళి వస్తాను, ఫోన్‌లో ఒక యాప్ పెట్టుకుని జర్మన్ పదాలు వల్లెవేస్తాను. డిసెంబరులో నాలుగున్నరకే చీకటి పడేది. ఆ చీకట్లో కిటికీ దగ్గర కూర్చుని ఆమె కోసం ఎదురుచూసే మనిషిని నేనేనా అని నాకే ఆశ్చర్యంగా ఉండేది. ఇంటికి రాగానే ఆమె బూట్లయినా విప్పకముందే ఆ రోజు వచ్చిన ఉత్తరాలు ఆమె చేతిలో పెడతాను, ఎందుకంటే అవి నాకు చదవడం రాదు. ఎనిమిది గంటలు పనిచేసి వచ్చిన మనిషికి ఇది రెండో ఉద్యోగమని తెలిసీ అదే పని చేస్తున్నాను.

ఇటీవల మూడు సంఘటనలు జరిగాయి. ఒక ఆదివారం పదకొండు గంటలకు గారెల కోసం మినప్పప్పు మిక్సీలో వేశాను. కింది వాటాలో ఉండే పెద్దావిడ పైకి వచ్చి చాలా మర్యాదగా ఏదో చెప్పి వెళ్ళింది. ఆదివారం గోల చేయకూడదని చెప్పిందని సాయంత్రానికి గానీ తెలియలేదు. మరో రోజు పసుపుపచ్చ కవరు ఒకటి పోస్టులో వస్తే, ప్రకటనల కాగితాల మధ్య పెట్టి రెండు వారాలు మరిచిపోయాను. తీరా చూస్తే అది నా భార్య వేగం దాటి కారు నడిపిందన్న జరిమానా కాగితమట, అభ్యంతరం చెప్పుకునే గడువు అప్పటికే దాటిపోయింది. జరిమానా పెద్దది కాదు గానీ ఆ సాయంత్రం మా ఇద్దరి మధ్య నడిచిన మాటలు పెద్దవే. ఇక మూడోది, మా తలుపు పిడికి ఎవరో ఒక చెక్కపలక తగిలించి వెళ్ళారు. దాని మీద ‘కేర్‌వోహె’ అని ఉంది. పండగ అలంకారం అనుకుని లోపల పెట్టుకున్నాను. నవ్వకండి.

ఇంటి నుంచి మా అమ్మ వారానికోసారి ఫోన్ చేసి ‘‘ఏం చేస్తున్నావురా అక్కడ?’’ అని అడుగుతుంది. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. నా చదువు ఇక్కడ దేనికైనా పనికొస్తుందా? భాష, కాగితాలు, మనుషులు, ఈ మూడింటిలో ముందు దేన్ని పట్టుకోవాలి? మీలో ఒకరి ఉద్యోగం వెంట ఇంకొకరు వచ్చిన దంపతులు ఉంటే, ఒకరి మీద ఒకరు భారంగా మారకుండా ఎలా సర్దుకున్నారో దయచేసి వివరంగా రాయగలరు.

జవాబు 1
రాసినవారు: కాన్‌స్టాట్ కాపురం

మాస్టారు గారూ, నేను 2014లో మావారి ఉద్యోగం వెంట ఇక్కడికి వచ్చాను. మీరు మగవారు కనుక మీ అమ్మగారు ‘‘ఏం చేస్తున్నావు’’ అని అడుగుతున్నారు. నన్ను ఎవరూ అడగలేదు, ఎందుకంటే కోడలు వంట చేస్తోందంటే జవాబు వచ్చేసినట్టే లెక్క. లోపలి వెలితి మాత్రం ఇద్దరికీ ఒకటే.

ముందు మీరు లోపల పెట్టుకున్న ఆ పలకను బయటికి తీయండి. కేర్‌వోహె అంటే ఊడ్చే వారం. ఈ ష్వాబియా ప్రాంతంలో 15వ శతాబ్దం నుంచీ ఉన్న ఆచారం ఇది, మిగతా జర్మనీ వాళ్ళు దీని మీద హాస్యాలు చెప్పుకుంటారు. పలక మీ తలుపుకు ఉన్న వారం మీ అంతస్తు మెట్లు, వసారా మీరు ఊడ్చి తుడవాలి. మీ వంతు కాగానే ఆ పలకను పక్కింటి తలుపుకు తగిలించాలి. చిన్న కేర్‌వోహె అంటే మీ అంతస్తు మెట్లు మాత్రమే. పెద్ద కేర్‌వోహె వచ్చినప్పుడు నేలమాళిగ, గుమ్మం ముందు కాలిబాట కూడా మీవే. మీ అద్దె ఒప్పందంలో ఆ మాట ఎక్కడో ఉండే ఉంటుంది. మీరు పలకను దాచుకున్నారంటే ఆ భవనంలో వంతు మీ దగ్గరే ఆగిపోయిందన్నమాట, అందరూ మీ వైపే చూస్తూ ఉండి ఉంటారు.

దీన్ని నేను చిన్న విషయంగా చెప్పడం లేదు. మొదటి ఏడాది నాకు ఈ దేశంలో దొరికిన తొలి సంభాషణలన్నీ ఆ మెట్ల మీద దొరికినవే. శనివారం ఉదయం తడిబట్టతో మెట్లు తుడుస్తుంటే దిగివచ్చే ప్రతి మనిషీ ఆగి ‘గ్రూస్ గోట్’ అంటారు. ఇంట్లో ఎంత మాట్లాడినా రాని భాష అక్కడ రెండేసి వాక్యాలుగా వస్తుంది. కింది వాటా పెద్దావిడ పైకి వచ్చి చెప్పిందంటే అది కోపం కాదని నా అనుభవం. కోపమే అయితే ఇంటి యజమానికి ఉత్తరం రాసి ఊరుకుంటారు. ఆమె దగ్గరికి ఒక పళ్ళెంలో గారెలు తీసుకువెళ్ళండి. కారం తగ్గించండి, ఎందులో ఏముందో ఒక కాగితం మీద రాసి ఇవ్వండి, ఎందుకంటే ఇక్కడ ఎవరికి ఏ పదార్థం పడదో ముందే అడగడం మర్యాద.

ఉత్తరాల సంగతికి వస్తాను. పసుపుపచ్చ కవరు ఇక్కడ మామూలు ఉత్తరం కాదు. దాని మీద పోస్టుమాన్ తేదీ వేసి పెట్టెలో వేస్తాడు. మీరు విప్పినా విప్పకపోయినా ఆ తేదీ నుంచే గడువు లెక్క మొదలవుతుంది. జరిమానా కాగితానికైతే రెండు వారాలు. అందుకని ఆ కవరు వచ్చిన రోజే తెరవాలి, కవరును కూడా పారేయకూడదు. మిగతా ఉత్తరాలను ఫోన్ కెమెరాతో అనువదించి చదవడం నేర్చుకోండి. మీరు చదివి, ఇది ఫలానా, గడువు ఫలానా, మనం చేయాల్సింది ఇది అని మూడు వాక్యాలలో మీ ఆవిడకు చెప్పండి. ఉత్తరం ఆమె చేతిలో పెట్టడానికీ, ఉత్తరంలోని సంగతి ఆమెకు చెప్పడానికీ చాలా తేడా ఉంది. మా ఇంట్లో గొడవలు తగ్గింది ఆ తేడా దగ్గరే.

జవాబు 2
రాసినవారు: కాగితాల పెట్టె

మీరు అడిగిన మూడింటిలో కాగితాలు అన్నిటికన్నా సులువైనవి, ఎందుకంటే వాటికి అంతు ఉంటుంది. క్లుప్తంగా రాస్తాను.

బ్లూ కార్డ్ ఉన్నవారి జీవిత భాగస్వామికి ఏ ఉద్యోగమైనా చేసుకునే అనుమతి మొదటి రోజు నుంచే ఉంటుంది; మీ నివాస అనుమతి కార్డు మీద ఆ మాట రాసే ఉంటుంది, చూసుకోండి. వచ్చే ముందు మీకు జర్మన్ పరీక్ష అడగకపోవడం కూడా ఆ కార్డు వల్లనే. అది సౌకర్యమే గానీ, ఒక విధంగా మనవాళ్ళను చెడగొట్టిన సౌకర్యం కూడా.

మీ ఆవిడ ప్రభుత్వ ఆరోగ్య బీమాలో ఉంటే, మీకు ఆదాయం లేనంతకాలం కుటుంబ బీమా కింద మీకు విడిగా చందా కట్టనక్కరలేదు. ఆదాయం ఒక హద్దు దాటితే అది పోతుంది. 2026లో మినీజాబ్ (తక్కువ జీతపు చిన్న పని) హద్దు నెలకు 603 యూరోలు. చిన్న పని ఏదైనా పట్టుకునే ముందు బీమా సంస్థకు ఫోన్ చేసి అడగడం మంచిది. పన్ను తరగతి కూడా చూసుకోండి. దంపతులకు మామూలుగా ఇద్దరికీ నాలుగో తరగతి వేస్తారు. ఒక్కరే సంపాదిస్తున్నప్పుడు మూడు, ఐదు తరగతులకు మారితే నెలనెలా చేతికి వచ్చే జీతం పెరుగుతుంది. ఏడాది చివర మొత్తం పన్ను లెక్క మాత్రం మారదు, లెక్కల మాస్టారికి ఇంతకన్నా విడమరచనక్కరలేదు.

ఇంటింటికీ నెలకు 18.36 యూరోల రేడియో, టీవీ రుసుము అడుగుతూ వచ్చే ఉత్తరం మోసం కాదు. మా ఇంట్లో టీవీ లేదని రాసినా ఉపయోగం లేదు. ఒక ఇంటికి ఒకటే రుసుము కనుక మీ ఆవిడ పేరున కడుతుంటే, మీ పేరున వచ్చిన ఉత్తరానికి ఆమె ఖాతా సంఖ్య రాసి పంపితే సరిపోతుంది. ఇక మన డ్రైవింగ్ లైసెన్సు ఇక్కడ నివాసం మొదలైన ఆరు నెలల వరకే చెల్లుతుంది. మీకు ఐదు నెలలయ్యాయి. మీ ఆవిడ నిరుడు వేసవిలో వచ్చారన్నారు కనుక, ఆమె ఇక్కడి పరీక్షలు ప్యాసై లైసెన్సు తీసుకోకుండానే కారు నడుపుతుంటే వెంటనే ఆపించండి, వేగం జరిమానా కన్నా అది చాలా పెద్ద తప్పు. రాత పరీక్ష ఇంగ్లీషులో రాయవచ్చు, నడిపే పరీక్ష కూడా తప్పదు.

ఇంకొక్క మాట. మీరు భాష గురించి మీ సమస్యగానే రాశారు. మీ ఆవిడ ఆఫీసు పని ఇంగ్లీషులో సాగుతుంటే ఆమె జర్మన్ కూడా మీ జర్మన్ దగ్గరే ఆగి ఉంటుంది. బ్లూ కార్డ్ మీద శాశ్వత నివాసం రావడానికి ప్రాథమికమైన ఏ1 స్థాయి జర్మన్ ఉంటే 27 నెలలు, దానికి రెండు మెట్లు పైనున్న బీ1 స్థాయి ఉంటే 21 నెలలు పడుతుంది. ఆరు నెలల తేడా. ఈ విషయంలో ఇంట్లో ముందుకు వెళ్ళగలిగేది మీరే, వెనకబడే ప్రమాదం ఆమెది. ఈ దృష్టితో ఒకసారి చూడండి.

జవాబు 3
రాసినవారు: ఓరుగల్లు నుంచి

పై ఇద్దరూ చెప్పినవి సరైనవే అయినా నాకొక అభ్యంతరం ఉంది. కొత్తగా వచ్చిన మనిషికి మొదటి రోజు నుంచే జర్మన్ సంభాషణ, జర్మన్ పక్కింటివాళ్ళు, జర్మన్ ఉత్తరాలు అని చెబితే ఊపిరి ఆడదు. అన్నగారూ, ముందు తెలుగువాళ్ళను పట్టుకోండి. ఈ చుట్టుపక్కల బోయెబ్లింగెన్, జిండెల్‌ఫింగెన్, ఫాయింగెన్ వైపు మనవాళ్ళు చాలామంది ఉన్నారు. ఉగాదికి, సంక్రాంతికి, బతుకమ్మకు కలుస్తారు. మా ఆవిడకు జ్వరం వచ్చినప్పుడు, ఏ డాక్టరు దగ్గరికి పోవాలో, రాత్రిపూట ప్రాణాపాయానికి చేసే 112కు కాకుండా డ్యూటీ డాక్టర్ల నంబరు 116117కు చేయాలని చెప్పింది ఒక నెల్లూరు అక్క. పరదేశంలో మన మాట వినబడితే కడుపు నిండుతుంది.

వంట గురించి కూడా మీరు చిన్నగా రాశారు గానీ నా మటుకు సగం సర్దుబాటు వంటింట్లోనే జరిగింది. సోనామసూరి బియ్యం, కరివేపాకు మన భారతీయ దుకాణాల్లో దొరుకుతాయి; కాని ఆకుకూరల కోసం టర్కీ వాళ్ళ దుకాణాలకు పోవాలి. బెండకాయలు, సన్న వంకాయలు, కొత్తిమీర కట్టలు అక్కడ తాజాగా ఉంటాయి. వేసవిలో వాళ్ళు సెమిజోతు అనే కూర కట్టలు కట్టి అమ్ముతారు. అది మన గంగవాయిలి కూరే. మొదటిసారి దాన్ని చూసినప్పుడు దుకాణంలోనే నిలబడి మా అమ్మకు వీడియో కాల్ చేసి చూపించాను. గోంగూర తాజాది దొరకదు గానీ, సంతలో సావర్‌అంప్ఫర్ అనే పుల్లటి ఆకు అమ్ముతారు, పప్పులో వేస్తే గోంగూర మీద బెంగ సగం తీరుతుంది. పూర్తిగా తీరదు, అబద్ధం చెప్పను.

ఒక హెచ్చరిక. ఇడ్లీ ఆవిరి, కుక్కర్ ఆవిరి గోడలకు పట్టి చలికాలంలో బూజు వస్తుంది. ఆ బూజుకు బాధ్యత ఎవరిదని ఇల్లు ఖాళీ చేసేటప్పుడు యజమానితో వాదన మొదలవుతుంది. చలి అని కిటికీలు మూసి కూర్చోకండి. రోజుకు రెండు మూడు సార్లు, హీటర్ కట్టేసి, కిటికీలు బార్లా తెరిచి, ఐదు పది నిమిషాలు గాలి ఆడనివ్వాలి. మా పాత ఇంట్లో నేను ఈ సంగతి తెలియక బయానా నుంచి కొంత పోగొట్టుకున్నాను.

జవాబు 4
రాసినవారు: ఇంట్లో ఉద్యోగం నాది

మాస్టారు గారూ, మీరు రాసింది చదివి రెండు రోజులు ఆలోచించి ఇది రాస్తున్నాను, ఎందుకంటే నేను మీ ఆవిడ వైపు మనిషిని. నేను 2019లో ఉద్యోగం మీద వచ్చాను. మావారు హైదరాబాదులో నడుస్తున్న చిన్న ముద్రణాలయం తమ్ముడికి అప్పగించి వచ్చారు.

మొదటి ఏడాది నేను చేసిన తప్పు ఏమిటంటే అన్నీ నేనే చేశాను. ఆఫీసులో ఎవరినో అడిగి బీమా, బ్యాంకు, డాక్టరు, ఇంటర్నెట్ అన్నీ ఫోన్‌లోనే కుదిర్చేదాన్ని. ఆయనకు కష్టం లేకుండా చూస్తున్నాననే అనుకున్నాను. నిజానికి ఆయన చేతిలో ఈ ఊరికి సంబంధించిన పని ఒక్కటీ మిగల్చలేదు. మావారు ఒక రోజు ‘‘నేను లేకపోయినా ఈ ఇల్లు ఇలాగే నడుస్తుంది కదా’’ అన్నారు. కోపంగా కాదు, లెక్క చెప్పినట్టు అన్నారు. అదే నన్ను భయపెట్టింది.

ఆ తరువాత మేము పనులను పంచుకోవడం కాకుండా మనుషులను పంచుకున్నాం. ఇంటి యజమాని, పక్కింటివాళ్ళు, డాక్టరు, కరెంటు కంపెనీ, వీళ్ళందరితో మాట్లాడేది ఆయన. నా ఆఫీసు, పన్నులు నావి. ఆయన వాక్యం తప్పుగా మాట్లాడుతున్నా నేను మధ్యలో దూరకూడదని ఒప్పందం. ఆ ఒప్పందం నిలబెట్టుకోవడం నాకే కష్టమైంది. ఒకసారి డాక్టరు దగ్గర ఆయన కడుపునొప్పి అని చెప్పడానికి పది నిమిషాలు తంటాలు పడుతుంటే నేను నాలుక కొరుక్కుని కూర్చున్నాను. ఆ డాక్టరు చివరికి ఆయన చెప్పింది సరిగ్గానే రాసుకున్నాడు.

ఓరుగల్లు అన్నగారు చెప్పినట్టు తెలుగువాళ్ళ తోడు కావాలి, కాదనను. కాని మా అనుభవంలో ఆ కూటముల్లో ఉద్యోగం లేని మగవాడికి రెండో ప్రశ్నగా ‘‘మీరేం చేస్తారు’’ అన్నదే వస్తుంది, మీ అమ్మగారి ప్రశ్నే. ఆ ప్రశ్న రాని చోటు కూడా ఒకటి ఉండాలి. మావారికి అది ఒక క్రీడా సంఘంలో దొరికింది. ఇక్కడ ప్రతి పేటలోనూ ఫెరైన్ అనే సంఘాలు ఉంటాయి, చందా పెద్దగా ఉండదు, టేబుల్ టెన్నిస్, చదరంగం, బ్యాడ్మింటన్, పాట, తోటపని, ఏదైనా సరే. ఎక్కువ సంఘాల్లో ఒకటి రెండు సార్లు ఊరికే వచ్చి ఆడి చూడనిస్తారు. అక్కడ మీరెంత సంపాదిస్తారన్నది ఎవరూ అడగరు. వచ్చే బుధవారం వస్తారా అని మాత్రమే అడుగుతారు. ఆట అయ్యాక వల విప్పడం, నేల తుడవడం కూడా ఆటలో భాగమే, అప్పుడు ఆగి చేతులు కలిపినవాళ్ళనే వాళ్ళు తమవాళ్ళుగా లెక్కేస్తారు.

మీ చదువు గురించి. ప్రభుత్వ బడిలో ఉపాధ్యాయుడు కావడం ఇక్కడ దూరపు మాట. ఆ వృత్తికి ప్రత్యేక అర్హత కావాలి, సాధారణంగా రెండేసి విషయాలు చెప్పగలగాలి, జర్మన్ చాలా పై స్థాయిలో రావాలి. కాని బడి తరువాత పిల్లలకు విడిగా చెప్పే చదువుకు, అంటే ఇక్కడ నాఖ్‌హిల్ఫె అంటారు, లెక్కల్లో ఎప్పుడూ గిరాకీ ఉంటుంది. ఈ రాష్ట్రంలో నాలుగో తరగతి తరువాత పిల్లలు వేర్వేరు రకాల బడులకు విడిపోతారు కనుక తల్లిదండ్రుల ఆందోళన మన ఎంసెట్ ఆందోళనకు ఏమీ తీసిపోదు. ముందు ఇక్కడి మన పిల్లలతో మొదలుపెట్టండి. ఒక జాగ్రత్త: ఇక్కడ దశాంశానికి చుక్క కాదు, కామా పెడతారు, వేలను విడదీయడానికి చుక్క పెడతారు, భాగహారానికి రెండు చుక్కలు, గుణకారానికి ఒక చుక్క. మన పద్ధతిలో నేర్పితే పిల్లవాడు బడిలో 1.500 అన్నది ఒకటిన్నరగా చదివి వస్తాడు. అందుకని ముందు ఒక ఆరో తరగతి పాఠ్యపుస్తకం, నగర గ్రంథాలయంలో దొరికేదే, తెచ్చుకుని మొదటి పేజీ నుంచి చదవండి. అది మీకు జర్మన్ పుస్తకం కూడా అవుతుంది. ఆ భాషలో మీకు ముందే అర్థం తెలిసిన వాక్యాలు ఇంతకన్నా ఎక్కడ దొరుకుతాయి?

జవాబు 5
రాసినవారు: కాన్‌స్టాట్ కాపురం

ఆవిడ చెప్పిన పుస్తకం సలహా బంగారం. దానికి తోడుగా తరగతి కూడా తప్పనిసరి, యాప్‌తో ఏ1 దాటినవాళ్ళను నేను చూడలేదు. ఫోక్స్‌హోఖ్‌షూలె అనే ప్రజా విద్యాకేంద్రంలో ఉదయం తరగతులు, సాయంత్రం తరగతులు రెండూ నడుస్తాయి. ఇంటెగ్రేషన్ కోర్సు అయితే 600 గంటల భాష, 100 గంటల చరిత్ర, చట్టం, పౌర జీవనం. చివర బీ1 పరీక్ష. అందులో చేరే హక్కు మీకు ఉందా లేదా అన్నది విదేశీయుల కార్యాలయంలోనే అడిగి కాగితం తెచ్చుకోండి. ఉదయం తరగతే ఎంచుకోండి. సాయంత్రం తరగతి మంచిదే కాని మీ సమస్య పగలు కదా.

తెలుగువాళ్ళకు ఈ భాషలో రెండు సంగతులు మన అదృష్టం. ఒకటి, ‘జీ’, ‘డూ’ అన్న తేడా మనకు మీరు, నువ్వు అన్నంత సహజం. ఇంగ్లీషు నుంచి వచ్చేవాళ్ళు దీంతో నానా తంటాలు పడతారు. కాని మన లెక్క ఇక్కడ పూర్తిగా సరిపోదు. మనం వయసును బట్టి మీరు అంటాం, ఇక్కడ పరిచయాన్ని బట్టి. నువ్వు అందామని అనే హక్కు పెద్దవాళ్ళది. మీ కంటే పదేళ్ళు చిన్నవాడు ఫెరైన్‌లో మొదటి రోజే ‘డూ’ అంటే తప్పు పట్టకండి, అక్కడ అందరూ అంతే. రెండోది, ఉపవాక్యంలో క్రియ చివరికి పోతుంది. ‘‘ఆయన వచ్చాడని’’ అన్నట్టే ఉంటుంది. మా తరగతిలో అందరూ అక్కడ ఆగిపోతే నేను ఒక్కదాన్నే సులువుగా దాటాను.

మనకు శాపం అంకెలే. 53ను వాళ్ళు ‘మూడూ యాభై’ అని చదువుతారు.

మూడు వారాల తరువాత, ప్రశ్న అడిగినవారు
రాసినవారు: గుంటూరు లెక్కల మాస్టారు

అందరికీ కృతజ్ఞతలు. అంకెల గురించి అక్కగారు రాసిన మాట నాకు ముందే చేరి ఉంటే బాగుండేది. మా పార్సిల్‌ను పక్కింటి నంబరు 53లో ఇచ్చామని పోస్టుమాన్ ఫోన్‌లో చెబితే నేను 35కు వెళ్ళి, అక్కడ ఎవరో ముసలాయన దగ్గర పార్సిల్ ఇవ్వమని పట్టుబట్టాను. పదకొండేళ్ళు లెక్కలు చెప్పినవాణ్ణి. ఆయన నవ్వి ఒక కాగితం మీద రెండు అంకెలూ రాసి, బాణం గుర్తు వేసి చూపించాడు. పార్సిల్ దొరికింది.

లైసెన్సు విషయం చదవగానే కారు ఆపేశాం. ఆరు నెలల గడువు తను వచ్చిన రోజు నుంచే లెక్క అని నా భార్యకు తెలియదు. నేను వచ్చిన రోజు నుంచి లెక్క అని ఇద్దరం అనుకున్నాం. ప్రస్తుతం నెలకు 63 యూరోల జర్మనీ టికెట్ ఇద్దరికీ తీసుకున్నాం. ఈ ఊరు లోయలో ఉండటంతో బస్సు దిగాక ఎక్కే మెట్లే నాకు వ్యాయామం.

పలక పక్కింటి తలుపుకు చేరింది. కింది వాటా పెద్దావిడకు గారెలు ఇచ్చాను, ఆమె మరునాడు ఖాళీ పళ్ళెం కాకుండా ఆపిల్ కేకుతో పళ్ళెం తిరిగి ఇచ్చింది. ఖాళీ పళ్ళెం ఇవ్వకూడదని మా నాయనమ్మ అనేది, వీళ్ళకూ ఆ పట్టింపు ఉందో లేక ఆమెకు మాత్రమే ఉందో అడిగేంత భాష ఇంకా రాలేదు. మనుషులను పంచుకోవాలన్న సలహాను మేమిద్దరం కూర్చుని చదువుకున్నాం. ఇంటి యజమాని, పక్కిళ్ళు, గ్రంథాలయం, కరెంటు నా వంతుకు వచ్చాయి. బీ1 ఆరు నెలల లెక్క చూసి నా భార్య కూడా శనివారం తరగతిలో చేరింది. ఇప్పుడు ఇంట్లో ఎవరి వాక్యం సరైనదన్న కొత్త గొడవ ఒకటి నడుస్తోంది. ఆరో తరగతి లెక్కల పుస్తకంలో భిన్నాల దగ్గర ఉన్నాను.

మా అమ్మ నిన్న మళ్ళీ అడిగింది. ఏప్రిల్ నుంచి ఉదయం తరగతికి వెళ్తున్నానని, ఇక్కడ ఇద్దరు పిల్లలకు లెక్కలు చెప్పడం మొదలుపెట్టానని చెప్పాను. డబ్బు ఇస్తారా అని అడిగింది. ఇస్తారన్నాను. ఇకపై ఆ లెక్కను బీమా హద్దు దాటకుండా చూసుకోవాలి.

ఇంకొక్క చిన్న ప్రశ్న. మా పేటలో ఒక బ్యాడ్మింటన్ ఫెరైన్ బుధవారం సాయంత్రం ఏడు గంటలకు ఆడుతుందట, వచ్చి చూడమన్నారు. కాలేజీ రోజుల తరువాత బ్యాట్ పట్టలేదు. బ్యాట్ వాళ్ళే ఇస్తామన్నారు. ఇంకేమైనా తీసుకువెళ్ళాలా?

జవాబు 6
రాసినవారు: ఇంట్లో ఉద్యోగం నాది

బూట్లు. బయట వేసుకు తిరిగే బూట్లతో ఆ హాలులోకి రానివ్వరు. నేల మీద గీత పడని లేత రంగు అడుగు ఉన్న బూట్లు సంచిలో విడిగా తీసుకువెళ్ళి, లోపల మార్చుకోవాలి. బుధవారంలోగా కొనేయండి, ఆదివారం దుకాణాలు ఉండవు. నీళ్ళ సీసా, తువ్వాలు కూడా పెట్టుకోండి. ఒక పది నిమిషాలు ముందే వెళ్తే వల కట్టడానికి చేయి వేయవచ్చు.